నోటిదాకా రాని చేయి

పోయిన వారం చిలమత్తూరు నుంచి ఒక జంట అనంతపురంలో మా ఇంటికి వచ్చింది. అబ్బాయి పేరు వెంకటేశు, అక్కడ బస్టాండు పక్కన పంక్చర్ల అంగడి నడుపుతున్నాడట. అమ్మాయి పేరు శిరీష. ఆమె చంకలో ఏడాది దాటిన మగపిల్లవాడు. మా తమ్ముడి కొడుకు నా సంగతి చెప్పి వాళ్లను పంపించాడు. వాళ్లింకా గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే నా కళ్లు పిల్లవాడి కుడిచేతి మీదికి పోయాయి. మండే ఎండల్లో వాడికి వేళ్ల చివరిదాకా వచ్చే నిండు చేతుల చొక్కా వేశారు. ఆ చొక్కా చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. నా చిన్నప్పుడు మా అమ్మ కూడా నాకు అట్లాంటివే కుట్టించేది.

శిరీష నేనిచ్చిన నీళ్లు పక్కన పెట్టి చొక్కా చేతిని పైకి మడిచింది. ముంజేయి సగమే ఉంది. అరచేయి మణికట్టు దగ్గర బొటనవేలు ఉండాల్సిన వైపుకు పూర్తిగా తిరిగిపోయింది. బొటనవేలు లేదు. మా ఇంట్లో నా చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు, ఉన్నా అందులో చేయి కనబడనిచ్చేవాళ్లు కాదు. అరవై దాటిన తర్వాత, నేను పుట్టినప్పటి నా చేతిని మొదటిసారి ఇంకొకరి ఒంటి మీద చూశాను.

"బెంగళూరికి తీస్కపోయినాము మేడం," అంది శిరీష. "మణికట్టుకు ఆపరేషన్ వద్దంటాండారు. వీనికి మోచెయ్యి వంగడంలేదంట. మోచేతికి కసరత్తు చేయించండి, కొంచిం పెద్దయినాక చూపుడువేలును బొటనవేలు మాదిరి తిప్పి పెట్టేది చూస్తాము, మణికట్టును మాత్రం ముట్టుకోము అన్నారు. వంకర చెయ్యిని వంకరగానే ఉంచుకోమంటే ఎట్ల మేడం? మన మాదిరోళ్లంటే చులకన, అందుకే అట్ల పంపించినారని మా అత్త అంటాది. మీకు చిన్నప్పుడే చేసినారంట కదా. మీరు ఊ అంటే యాడికైనా పోయి చేయించుకుంటాము."

ఆమె నా నోటి నుంచి ఏం వినాలని వచ్చిందో తెలుస్తూనే ఉంది. అన్నం తిని పోదురుగాని కూర్చోమని, వంటింట్లోకి పోయి కుక్కర్ పెట్టి, ఆవిరి వచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. ఇల్లంటే ఒకే పెద్ద గది, దాని వెనక వంటకు ఒక మూల. గదిలో సగం మగ్గానిదే. మిగిలిన సగంలో మేము. నాయన మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుంటే నడుము పైభాగం మాత్రమే కనిపించేది. నాకు ఊహ తెలిసే నాటికి ఆయనను నిలబడి ఉండగా చూసిన సందర్భాల కంటే అట్లా సగం మనిషిగా చూసినవే ఎక్కువ. మా ప్రాంతపు పొడిగాలికి మగ్గం మీద బిగించిన పడుగు పోగులు పుటుక్కున తెగిపోతాయి. అందుకని ఎండాకాలం వస్తే కిటికీలు మూసేసి, నేల తడిపి పెట్టేవాళ్లు. తాగడానికే నీళ్లు కరువైన రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు, మొహాలు కడిగిన నీళ్లు అన్నీ ఆ నేలకే పోయేవి. తడిసిన మట్టి, పచ్చి పట్టు, పులిసిన గంజి, నాయన చెమట, అన్నీ కలిసిన వాసన ఒకటి ఆ గదిలో ఎప్పుడూ ఉండేది. బయట అంత విశాలమైన ఆకాశం ఉన్న ఊళ్లో మేము మాత్రం మూసిన డబ్బాలో బతికాం.

నేను కుడిచేయి వంకరతో పుట్టడానికి కారణం అమ్మేనని ఇంట్లో తీర్మానం అయిపోయింది. కడుపుతో ఉండగా గ్రహణం పూట కత్తెర పట్టుకుని చీర అంచు పోగులు కత్తిరించిందట. ఆ పూట మగ్గం ఆపమని చెప్పినవాళ్లు ఎవరూ లేరు. చీర ఆలస్యమైతే ఊరుకునేవాళ్లూ లేరు. అయినా తప్పు మాత్రం అమ్మ ఖాతాలో పడింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, చెడ్డ మనిషి కాదు. నన్ను ఒళ్లో నుంచి దించేది కాదు. కానీ నా చేతికి నూనె రాసిన ప్రతిసారీ ఆ కత్తెర మాట ఎత్తేది. అమ్మ తలెత్తకుండా కండెలకు పట్టుపోగు చుట్టుకుంటూ వినేది.

నిజం చెప్పాలంటే ఆ చేతితో నాకు ఏ ఇబ్బందీ లేదు. అవ్వ రాట్నం తిప్పుతుంటే రెండు వేళ్ల సందున పోగు పట్టుకుని కండెకు సరిగ్గా ఎక్కించేదాన్ని. శెనక్కాయలు ఒలిచేదాన్ని. మోచేయి ఒక కట్టె మాదిరి, ఎప్పుడూ వంగేది కాదు. కానీ అరచేయి లోపలికి తిరిగి ఉండడం వల్ల, భుజం కాస్త ఎత్తి తల కాస్త వంచితే వేళ్లు నోటికి అందేవి. సంగటి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని అందరితోపాటు కూర్చుని తినేదాన్ని. అట్లా తినడం ఎవరూ నేర్పలేదు, నడక వచ్చినట్టే వచ్చింది. అది గొప్ప సంగతి అని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

చీరలు అమ్ముకోవడానికి బెంగళూరు పోయివచ్చే సావుకారు ఒకాయన, అక్కడ పెద్దాసుపత్రిలో ఇట్లాంటి చేతులను నేరుగా చేస్తున్నారని నాయనకు చెప్పాడు. నాయన ఊరికే విన్నాడు. అమ్మ వినగానే పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె ఒక కోరిక మీద మొండికేయడం అదే మొదలు. "దాని చెయ్యి నేరుగా అయితే నా మింద మాట పోతాది," అని నాయనతో అన్నది నాకు వినిపించింది. అప్పటికి నేను బడికి పోవడం మొదలుపెట్టాను. ఆ మాటకు అర్థం తెలియలేదు కానీ అమ్మ గొంతు గుర్తుండిపోయింది.

ఆసుపత్రి గురించి నాకు ముక్కలు ముక్కలుగానే జ్ఞాపకం. ముక్కు మీద పెట్టిన గుడ్డలో ఘాటైన తీపి వాసన. లేచేసరికి భుజం నుంచి వేళ్ల దాకా పిండికట్టు. లోపల ఒక ఉక్కు కడ్డీ గుచ్చి అరచేతిని ముంజేతి ఎముక చివర నిలబెట్టారని నాయన చెప్పాడు. పెద్ద డాక్టరు మంచి మనిషి, నన్ను చూడవచ్చినప్పుడల్లా బుగ్గ తట్టేవాడు. ఆయన నా చేతిని ఎంతో శ్రద్ధగా చూశాడు. మోచేతిని మాత్రం ఎవరూ చూడలేదు. ఈ పిల్ల అన్నం ఎట్లా తింటుంది అని ఎవరూ నన్ను అడగలేదు, అమ్మనూ అడగలేదు.

పిండికట్టుతో ఇంటికి వచ్చాక ఆ ఎండాకాలం నా జీవితంలోకెల్లా పొడవైనది. మూసిన కిటికీలు, తడి నేల, మగ్గం చప్పుడు, వాటి నడుమ గోడకు ఆనుకుని నేను. కట్టు లోపల చెమట కారి దురద పుడితే ఏడ్చేదాన్ని. అవ్వ చీపురుపుల్ల ఒకటి కట్టులోకి దూర్చి మెల్లగా గోకేది. దానికి అందనిచోట దురద అట్లాగే ఉండిపోయేది. కట్టు తడవకూడదు కాబట్టి నాకు తలస్నానం లేదు, తూము దగ్గర ఆట లేదు. ఒక సాయంత్రం, ఎన్నో నెలల తర్వాత, వాన వచ్చింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నాయన కూడా గుంటలో నుంచి లేచి బయటికి పరుగెత్తాడు. అందరూ తడుస్తూ అరుస్తున్నారు. నేను గడప దాటకుండా అవ్వ నా నడుము పట్టుకుని కూర్చుంది. "కట్టు నానిపోతే మల్లా కోస్తారమ్మా, వద్దు తల్లీ," అని నా చెవిలో చెబుతూనే ఉంది. నేను ఎడమచేయి చాపితే చూరు నీళ్లు వేళ్ల కొసలకు తగిలాయి. అంతే నాకు దక్కిన వాన.

కట్టు విప్పిన రోజు అమ్మ నవ్వడం చూశాను. చేయి నిజంగానే నేరుగా ఉంది. పొట్టిగా, సన్నగా, మచ్చలతో, కానీ నేరుగా. ధర్మవరంలో మా వీధి ఆడవాళ్లంతా చూడవచ్చారు. అవ్వ ఉప్పు తిప్పి దిష్టి తీసింది. అమ్మ వెంటనే పొట్టి చేతుల గౌను కుట్టించి తొడిగింది. ఆ పూట అందరి నడుమ కూర్చోబెట్టి నాకు సంగటి పెట్టారు. ముద్ద తీసుకున్నాను. భుజం ఎత్తాను, తల వంచాను. చేయి నా మొహం ముందర జానెడు దూరంలో ఆగిపోయింది. ఇంకా వంగాను. ముద్ద జారి ఒళ్లో పడింది. మళ్లీ తీసుకున్నాను, మళ్లీ పడింది. "అలవాటయితాదిలే," అంది అవ్వ.

అలవాటు కాలేదు. మోచేయి వంగని మనిషికి మణికట్టు నేరుగా అయితే చేయి ఎప్పటికీ నోటికి రాదు. ఇది ఇప్పుడు రెండు ముక్కల్లో చెప్పగలుగుతున్నాను. అప్పుడు మాకు అర్థం కావడానికి ఎన్నో పూటల అన్నం పట్టింది. పోనీ ఎడమచేత్తో తిననీయండి అని నాయన అన్నాడు. పక్కింట్లోనే ఉండే మా పెదనాయన ఒప్పుకోలేదు. "ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటాదా? మన ఇంట్లోనా?" అని గట్టిగా అరిచిపోయాడు. నాయన వెదురుబద్దకు చెంచా కట్టి ఒక సాధనం తయారు చేశాడు. అది నా బలహీనమైన వేళ్లలో నిలవలేదు. దాంతో అమ్మే నాకు తినిపించడం మొదలుపెట్టింది. పసిపిల్లకు తినిపించడం వేరు. బడికి పోయి ఎక్కాలు చెప్పే పిల్లకు, మూడు పూటలా, పని మధ్యలో లేచివచ్చి తినిపించడం వేరు.

కదిరిలో మా మేనత్త కూతురి పెళ్లికి పోయాం. పంక్తిలో నన్ను కూర్చోబెట్టి ఆకు వేశారు, అన్నీ వడ్డించారు. అమ్మ లోపల పెళ్లికూతురి దగ్గర చిక్కుకుపోయింది. నా ఈడు పిల్లలంతా తింటున్నారు. నేను ఆ నేరైన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆకును చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా పెదనాయన. ఎడమచేయి నా తొడ కింద ఉంది, ఆయన చూపు తగిలి అది కదల్లేదు. "ఏమ్మా, తినకుండా కూచుండావే?" అని వడ్డించేవాళ్లు అడిగారు. పక్క పిల్ల నవ్వింది. లేచిపోవడానికి లేదు, పంక్తి మధ్యలో లేస్తే అదీ తప్పే. అమ్మ వచ్చేసరికి పాయసం పప్పులో కలిసిపోయింది. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. ఖాళీ అయిన పంక్తిలో అమ్మ నా ముందు మోకాళ్ల మీద కూర్చుని తినిపించింది. ఆ తర్వాత పెళ్లిళ్లకు నన్ను తీసుకుపోవడం మానేశారు. మగ్గం గది తలుపు నాకు ఇంకాస్త గట్టిగా మూసుకుంది.

చేయి మళ్లీ వంగకుండా ఉండడానికి ఆసుపత్రివాళ్లు రేకు, తోలు కలిపి చేసిన ఒక పట్టీ ఇచ్చారు. పొద్దున్నే స్నానం చేయించి అమ్మ దాని బకిళ్లు బిగించేది. చెమటకు తోలు కుళ్లిన వాసన వేసేది, చర్మం ఒరుసుకుపోయేది. పడుకునేటప్పుడు కూడా తీయకూడదు. ఎంత బిగించినా, నేను పెరిగేకొద్దీ చేయి మెల్లమెల్లగా పాత దారి పట్టింది. చెట్టు కొమ్మ వెలుగు వైపు తిరిగినట్టు, కంటికి కనబడకుండా. అమ్మకు మాత్రం కనబడేది. పట్టీ విప్పినప్పుడల్లా నా చేతిని ఒళ్లో పెట్టుకుని అట్లాగే చూసేది. మరుసటి రోజు బకిలు ఇంకో బెజ్జం బిగుసుకునేది. నేను పెద్దమనిషిని అయ్యే నాటికి చేయి సగానికి పైగా వంగిపోయింది.

ఒక మధ్యాహ్నం అమ్మ కండెల పనిలో ఉండి రావడం ఆలస్యమైంది. పట్టీ ఒరుపుకు పుండు పడిందని ఆ పూట విప్పి ఉంచారు. నాకు ఆకలి. పళ్లెం ముందుంది. ఊరికే, ఏమీ అనుకోకుండా కుడిచేత్తో చారన్నం తీసుకుని భుజం ఎత్తాను. వేళ్లు పెదాలకు తగిలాయి. కొన్ని మెతుకులు కిందపడ్డాయి, కొన్ని నోట్లోకి పోయాయి. మళ్లీ తీసుకున్నాను. తలెత్తేసరికి అమ్మ గది మధ్యలో నిలబడి ఉంది, చేతిలో కండెల బుట్ట. ఆమె నన్ను ఆపలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అట్లాగే నిలబడింది. తర్వాత వచ్చి ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఆ ఏడాది బెంగళూరు ఆసుపత్రికి మళ్లీ పోయాం. పెద్ద డాక్టరు జుట్టు నెరిసిపోయింది. ఒక కొలత బద్దతో నా మణికట్టు వంపు కొలిచి, పక్కనున్న కుర్ర డాక్టర్లకు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆయన మొహంలో దిగులు కనిపించింది. మళ్లీ వంకర పోయింది, మళ్లీ కోసి నిలబెట్టాలి అన్నాడు. నాయన చేతులు కట్టుకుని, "మీరెట్ల చెప్తే అట్ల సార్," అన్నాడు. అప్పుడు, డాక్టర్ల ముందు ఎన్నడూ నోరు విప్పని అమ్మ, నాయన వెనక నుంచి ముందుకు వచ్చింది.

"వద్దు సార్."

నాయన తిరిగి చూశాడు. "ఏమే, సార్ చెప్తాంటే..."

"నా బిడ్డ కుడిచేత్తో తింటాంది సార్. మీరు నేరుగా చేసినాక ఇన్నేండ్లు తినలేదు. ఇప్పుడు తింటాంది. వంకరగానే ఉండనీండి."

డాక్టరు తన జేబులో నుంచి బిస్కెట్ల పొట్లం తీసి నాకు ఒకటి ఇచ్చాడు. "తినమ్మా," అన్నాడు. నేను తిన్నాను. ఆయన నా మోచేతిని పట్టుకుని వంచి చూశాడు, అది వంగలేదు. ఆ మోచేతిని అంతసేపు పట్టుకున్న మొదటి డాక్టరు ఆయనే, అదీ అన్ని ఏళ్ల తర్వాత. కుర్ర డాక్టర్లను దగ్గరికి పిలిచి, నాకు ఇంకో బిస్కెట్ ఇచ్చి, నేను తినే తీరు వాళ్లకూ చూపించాడు. "పోండమ్మా, పట్టీ కూడా వద్దులే," అన్నాడు అమ్మతో. తిరుగు రైల్లో నాయన కోపంగా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ నాకు వేరుశెనగ పొట్లం కొనిచ్చి, నేను తింటుంటే చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే ఇంకో తీర్పు సిద్ధంగా ఉంది. డాక్టరు చేస్తానంటే తల్లే వద్దందట, బిడ్డ బతుకు పాడుచేసిందట. పెదనాయన అన్నాడు, వీధి అంది, కొన్నాళ్లు నాయన కూడా అన్నాడు. అమ్మ అప్పుడూ తలెత్తకుండా కండెలు చుట్టింది. కానీ పెదనాయన ఇంట్లో ఉన్న పూట కూడా నా పళ్లెం పంక్తి మధ్యలోనే పెట్టడం మొదలుపెట్టింది.

ఆపరేషను వల్ల నాకు మేలేమీ జరగలేదని అనను. ఇప్పుడు నా చేయి సగం వంగి, బిగుసుకుపోయి ఉంది. సంచి తగిలించుకోవడానికి, కాగితం కదలకుండా అదిమిపెట్టడానికి పనికొస్తుంది. ఎడమచేత్తో రాశాను, బడిలో పాఠాలు చెప్పాను, పుస్తకాలు వేశాను. కానీ పోగు పట్టుకున్న వేళ్ల నేర్పు మళ్లీ రాలేదు. చలికాలం మణికట్టు లోపల నొప్పి తిరుగుతుంది. వంకర పోగొట్టడానికి బాల్యమంతా ఖర్చయింది. చివరికి ఆ వంకరే నన్ను పంక్తిలో కూర్చోబెట్టింది.

ఇదంతా శిరీషకు, వెంకటేశుకు అన్నాలు వడ్డించి, తింటూ చెప్పాను. నేను తినే తీరు వాళ్లు చూడాలనే ఎదురుగా కూర్చున్నాను. ఈనాటి డాక్టర్లు ముందుగా మోచేయి చూశారంటే అది చులకన కాదు, నాలాంటి పిల్లలు పెద్దయి ఎట్లా బతికారో చూసి నేర్చుకున్నది అని చెప్పాను. కసరత్తు మానవద్దని, బొటనవేలు సంగతి వాళ్లు చెప్పినప్పుడు తప్పకుండా పొమ్మని చెప్పాను. వెంకటేశు తల ఊపుతూ విన్నాడు. శిరీష పళ్లెంలో అన్నం కెలుకుతూ ఉండిపోయింది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దండి మేడం," అంది చివరికి. "మీ అమ్మ మొదట్లోనే చేయించకుండా ఇడిసిపెట్టింటే, పెద్దయినాక, నన్నెందుకిట్ల ఇడిసిపెడితివి అని మీరు ఆయమ్మను అడగకుండా ఉంటిరా?"

అడిగేదాన్ని కాదు అని చెప్పబోయాను. ఆ పిల్ల మొహం చూసి చెప్పలేకపోయాను.

"అడిగేదాన్నే," అన్నాను.

"అదే మేడం నా బయ్యం. వీడు రేపు అడిగితే నేనేం చెప్పాల?"

"నా దగ్గరికి పంపించు. నేను చెప్తాను."

"మీరు అప్పటికి ఉండాల కదా!"

"ఏమే, ఏం మాటలవి!" అని వెంకటేశు గదమాయించాడు. నాకు నవ్వొచ్చింది. ఆమె అన్నది నిజమే కదా. "అట్లయితే ఇప్పుడే చెప్తా, ఫోన్లో వీడియో తీయి నాయనా," అన్నాను వెంకటేశుతో. అతను చేయి తుడుచుకుని ఫోను ఎదురుగా నిలబెట్టాడు. శిరీష పిల్లవాణ్ణి నా పక్కన కూర్చోబెట్టింది.

కుడిచేత్తో ఒక ముద్ద తిన్నాను. తర్వాత ఫోను వైపు చూసి, ఇంకా మాటలు కూడా రాని ఆ పిల్లవాడికి పెద్దయ్యాక వినిపించేటట్టు చెప్పాను. "నాయనా, మీ అమ్మ నిన్ను తీసుకుని యాడికైనా పోవడానికి సిద్ధపడింది. చేయించడం సులభం, వద్దనుకోవడం కష్టం. ఆ కష్టమైంది నీ కోసం చేసింది. ఊళ్లో ఏమన్నా అననీ, నువ్వు మాత్రం ఆమెను ఒక్క మాట అనొద్దు." శిరీష కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

వాళ్లు ఆటో ఎక్కి పోయాక ఎంగిలి పళ్లేలు తీయబుద్ధి కాలేదు. మా అమ్మ పోయి చాలా కాలమైంది. చేయించినందుకు ఒకసారి, ఆపినందుకు ఒకసారి, పుట్టించినందుకు అన్నిసార్లూ మాటపడిన మనిషి. ఆ పిల్లవాడికి నేను చెప్పిన నాలుగు మాటలు నాకు చెప్పిన పెద్దవాళ్లు ఎవరూ మా ఇంట్లో లేరు. చెప్పి ఉంటే, ఆ రైల్లో వేరుశెనగలు తింటూ ఆమె పక్కన కూర్చున్నప్పుడు, పొట్లం కొంచెం ఆమె వైపు జరిపి ఉండేదాన్ని.